బాత్రూం గోడకి చెక్క వేయించే ముందు మగ్గు సంగతి చూడండి

మా బాత్రూం గోడకి చెక్క రెండుసార్లు వేయించాం. మొదటిది ఫిబ్రవరిలో వేయిస్తే శ్రావణం వచ్చేసరికి టీలో ముంచిన రస్కులా ఉబ్బింది. రెండోదానికి మొన్న సంక్రాంతికి నాలుగేళ్ళు నిండాయి, నిక్షేపంలా ఉంది. ఇల్లు అదే, విశాఖపట్నం గాలి అదే, స్నానాలు చేసే మనుషులూ వాళ్ళే. ఖర్చు కూడా రెండోసారే కాస్త తక్కువైంది. ఇంటికొచ్చిన వాళ్ళు ఆ గోడ చూసి "ఏ కంపెనీ చెక్క?" అంటారు, "ఏ పాలిష్ కొట్టించారు?" అంటారు. మీ ఇంట్లో స్నానం ఎలా చేస్తారని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకు తెలిసి ముందు అడగాల్సింది అదే.

ఈ మోజు నాకు అక్క ఇంట్లో పట్టుకుంది. అక్కా బావగారూ ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో. వాళ్ళింట్లో మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. ఒక కమోడ్, ఒక వాష్‌బేసిన్, ఒక గుండ్రటి అద్దం, అంతే. గోడకి ఛాతీ ఎత్తు వరకూ తెల్ల రంగేసిన సన్నటి చెక్క పట్టీలు నిలువుగా ఉన్నాయి. పట్టీకీ పట్టీకీ మధ్య పూసలాంటి చిన్న గీత. పై అంచున చెక్క బీడింగ్, దాని మీద వేలెడంత మొక్క ఉన్న కుండీ. మిగతా గోడంతా ముదురు ఆకుపచ్చ. ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ అవసరం తీరాక కూడా రెండు నిమిషాలు ఎక్కువ నిలబడేదాన్ని. వాళ్ళు దాన్ని బీడ్‌బోర్డ్ అంటారు. ఇలా సగం గోడకి చెక్క తొడిగే పద్ధతిని వెయిన్‌స్కోటింగ్ అంటారు. ఇంగ్లండులో రాతి ఇళ్ళ గోడల చలి ఒంటికి తగలకుండా ఓక్ చెక్క తొడిగేవారు. ఆ అలవాటే సముద్రం దాటి అమెరికా చేరింది.

"మనింట్లో కూడా ఇలా చేయించుకుందాం" అని అక్కడి నుంచే మావారికి ఫోటోలు పంపాను. ఆ ఫోటోల్లో కనిపించని సంగతులు నాలుగు ఉన్నాయని అప్పుడు నాకు తోచలేదు. ఒకటి, ఆ గదిలో ఎవరూ స్నానం చెయ్యరు. స్నానాల గది మేడ మీద వేరే ఉంది. రెండు, ఆ గది నేలకి అసలు తూమే లేదు, అంటే నేల మీద నీళ్ళు పోసే ప్రశ్నే లేదు. తుడుపు తడిగుడ్డతోనే. మూడు, ఆ ఇంటి గోడ ఇటుకది కాదు. లోపల చెక్క చట్రం, దాని మీద జిప్సం బోర్డు. మన గోడలాగా పునాది నుంచి, పక్క గది నుంచి చెమ్మ పీల్చుకుని ఉప్పెక్కే రకం కాదు. నాలుగు, స్విచ్ వేస్తే పైన ఫ్యాన్ తిరుగుతుంది. బాత్రూంకి కిటికీ అన్నా ఉండాలి, నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని బయటికి తోసే ఫ్యాన్ అన్నా ఉండాలి అని వాళ్ళ ఇళ్ళ కట్టడపు నియమాల్లో ఉంది. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకోండి, 280 ఘనపుటడుగులు. ఆరు నిమిషాల్లోపు గదిలో ఉన్నంత గాలిని ఆ ఫ్యాన్ బయటికి పంపేస్తుంది. మా పాత బాత్రూంలో ఉన్నది వెంటిలేటర్ అనే పేరుతో రెండు గాజు పలకలు, అవి కూడా పావురాలకి భయపడి మూసేసినవి.

ఇంటికి రాగానే ఒక ఇంటీరియర్ అబ్బాయిని పిలిపించాం. పేరు చెప్పను, ఇప్పుడు పాపం ఇంకేదో పని చూసుకుంటున్నాడని విన్నాను. ఎమ్‌డీఎఫ్ బోర్డు మీద మిషన్‌తో గాడులు తీయించి, తెల్లటి పీయూ (పాలీయురెథేన్) పెయింట్ కొట్టించి, తిన్నగా టైలు మీదే జిగురుతో అతికించేశాడు. "వాటర్‌ప్రూఫ్ మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. 41,000 అయింది. మొదటి రోజు అచ్చం అక్క ఇల్లే. ఫోటో తీసి అక్కకి పంపితే "ఒసే, మా కన్నా నీదే బాగుందే" అంది. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో, జూలైలో ఆ బోర్డు అంతకన్నా ఎక్కువ పొంగింది.

ఎమ్‌డీఎఫ్ అంటే చెక్కని నార నారగా చీల్చి, రెసిన్ జిగురు కలిపి, వేడిలో నొక్కి చేసిన అట్ట. అది పైనుంచి చూస్తే నున్నగా, గట్టిగా ఉంటుంది. పెయింట్ ఉన్నంత మేర నీళ్ళు దిగవు. కానీ బోర్డుకి కోసిన అంచులుంటాయి, స్క్రూ దిగిన చోట కన్నాలుంటాయి, నేలని తాకే అడుగు ఉంటుంది. ఆ అడుగు అంచులోంచి నీళ్ళు ఎక్కాయి. ఒకసారి ఉబ్బిన ఎమ్‌డీఎఫ్ ఎండబెట్టినా మళ్ళీ పాత మందానికి రాదు. మాకు ముందే తెలిసి ఉండాల్సింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కిటికీ అద్దాలు పగిలి వాన ఇంట్లోకి కొట్టినప్పుడు, మా అల్మరాల్లో ఆ అట్టతో చేసిన సొరుగులే ముందు పాడయ్యాయి. అంత పెద్ద తుఫాను చెప్పిన పాఠాన్ని నాలుగేళ్ళలో మర్చిపోయి మళ్ళీ 41,000 ఫీజు కట్టాను.

తప్పంతా ఆ అబ్బాయి మీదకి తోసేస్తే నాకు సుఖంగానే ఉండేది. అయితే ఆ ఆరు నెలలూ ఆ బాత్రూంలో ఏం జరిగిందో నాకు తెలుసు కదా. మా అత్తయ్యగారు పీట మీద కూర్చుని బకెట్లోంచి మగ్గుతో స్నానం చేస్తారు. షవర్ కింద నిలబడితే ఒళ్ళు తడిసినట్టే ఉండదంటారు. మగ్గుతో భుజం మీద పోసుకున్న నీళ్ళలో సగం వెనక గోడకే. స్నానం అయ్యాక నాలుగు మగ్గుల నీళ్ళు నాలుగు గోడల మీదా కొట్టి బయటికొస్తారు, ఆవిడకి అది శుభ్రం. మావారు షవర్ తిప్పితే అద్దం దాకా తుంపర. పని చేసే అమ్మాయి వారానికోసారి బ్లీచింగ్ పొడి చల్లి, కొబ్బరి పీచు చీపురుతో గోడలు రుద్ది, బకెట్ బకెట్ కుమ్మరిస్తుంది. బోరు నీళ్ళ తెల్ల మరకలకి నెలకోసారి యాసిడ్. ఇదంతా తప్పని నేననను. మన బాత్రూం కట్టిందే అలా వాడటానికి. నేలకి వాటం ఉంటుంది, మూల నహానీ ట్రాప్ ఉంటుంది, గోడకి టైలు ఉంటుంది. గది మొత్తం ఒక పెద్ద గంగాళం అనుకోండి, మనం అందులో కూర్చుని స్నానం చేస్తాం. వాళ్ళది అలా కాదు. టబ్బుకో షవర్‌కో అద్దమో తెరో కట్టి, నీళ్ళని ఒక మూలకి పరిమితం చేసి, మిగతా గదిని పొడిగా ఉంచుకుంటారు. చెక్క గోడ ఆ పొడి భాగానికి పుట్టింది. దాన్ని నేను తెచ్చి గంగాళంలో పెట్టాను.

ఇక్కడే చాలామంది చెప్పే ఒక మాటతో నాకు పేచీ. "చెక్కకి నీళ్ళు పడవండీ, బాత్రూంలో చెక్కేంటి" అంటారు. ఇది వినడానికి లోకజ్ఞానంలా ఉంటుంది గానీ సగమే నిజం. చెక్కకి నీళ్ళు పడకపోతే గోదావరిలో పడవలు ఎలా తిరిగాయి? ఏటిలో, బావి గట్టున, కళ్ళంలో మన వాళ్ళు వాడిన సామాను సగం చెక్కదే.

పల్లెటూళ్ళో పాక వేసిన వాళ్ళని అడగండి, పాతిన రాట ఎక్కడ పుచ్చుతుందో చెప్తారు. పైన ఎండా వానా తగిలే చోట పుచ్చదు. భూమిలో లోతుగా ఉన్న కొస కూడా చాలాకాలం గట్టిగానే ఉంటుంది. సరిగ్గా నేల మట్టం దగ్గర, ఆ జానెడు మేర పుచ్చుతుంది. అందుకే రాట పాతే ముందు అక్కడ తారు పూస్తారు. అక్కడ తడి ఉంటుంది, గాలీ ఉంటుంది, ఆరే వీలు మాత్రం ఉండదు. చెక్కని తినే శిలీంధ్రాలకి ఈ మూడూ కలిసిన చోటే విందు. ఎండు చెక్క బరువులో నీళ్ళు 20 శాతం లోపు ఉన్నంతకాలం అవి అందులో బతకలేవు. 28, 30 శాతం దాటి అలాగే నిలిచిపోతే మొదలుపెడతాయి. అంటే చెక్క తడవడం నేరం కాదు, తడిసి ఆరకపోవడమే తంటా.

ఇది కూడా ఎవరో పుస్తకంలో చెప్పనక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఒక ప్రయోగం ఇప్పటికే జరిగింది. మీ పాత బాత్రూం తలుపు గుర్తు తెచ్చుకోండి. పై భాగం ముప్ఫయ్యేళ్ళయినా బాగుంటుంది. కింద జానెడు పుచ్చిపోయి, పొరలు విడిపోయి, దానికి అల్యూమినియం రేకు కొట్టించి ఉంటారు. కొన్నాళ్ళకి రేకు వెనక నీళ్ళు చేరి రేకుతో సహా ఊడుతుంది. ఆ తలుపు పైనుంచి కిందిదాకా ఒకే చెక్క, ఒకే రంగు. కింది భాగం ఆరలేదు, అంతే తేడా. రేకు కొట్టి మనం దానికి ఆరే దారి కూడా మూసేశాం.

ప్రపంచంలో స్నానానికి చెక్క వాడిన వాళ్ళని చూసినా ఇదే కనిపిస్తుంది. ఫిన్లండు వాళ్ళ సౌనా సంప్రదాయాన్ని యునెస్కో 2020లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గదిలో 80 నుంచి 100 డిగ్రీల వేడి ఉంటుంది, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పుట్టిస్తారు. గోడలూ బల్లలూ అన్నీ చెక్కే. అంత వేడిలో రాయో ఇనుమో అయితే ఒళ్ళు కాలుతుంది, చెక్క వేడిని తొందరగా ఒంటికి అందించదు కాబట్టి దాని మీద కూర్చోగలరు. అందరూ వెళ్ళిపోయాక ఆ వేడే గదిని ఎండబెట్టేస్తుంది. జపాన్ వాళ్ళది ఇంకో దారి. హినోకీ అనే సైప్రస్ జాతి చెక్కతో స్నానపు తొట్టెలు చేసుకుంటారు. నారా దగ్గరి హోర్యూజీ ఆలయం ఆ చెక్కతో కట్టిందే, 1300 ఏళ్ళు దాటినా నిలబడి ఉంది. కానీ వాళ్ళు తొట్టెలో దిగే ముందే బయట కూర్చుని సబ్బు రుద్దుకుని ఒళ్ళంతా కడిగేసుకుంటారు. కింద వేసుకునే చెక్క తడకని వాడాక ఎత్తి నిలబెడతారు.

ఆ తడక గురించి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రామచంద్రపురం పక్క పల్లెలో అమ్మమ్మ వాళ్ళింట్లో స్నానాల గది అంటే దొడ్లో మూడు గోడలు, ఒక రాతి పలక, రాగి కాగు. అందులో ఒక పనస చెక్క పీట ఉండేది. కింద రెండు అడ్డ కాళ్ళు, నేలకి అంగుళమున్నర ఎత్తు. బొబ్బిలి వీణ చేసేదీ ఈ పనస చెక్కతోనే, అమ్మమ్మకి ఆ సంగతి చెబితే "అందుకే కూర్చుంటే పాట వస్తోంది" అనేది. మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉన్న పీట అది. మా పురుళ్ళ స్నానాలు, నలుగు స్నానాలు, మా పెద్ద మావయ్య పెళ్ళికొడుకైన రోజు మంగళస్నానం అన్నీ దాని మీదే. రోజుకి ఏడెనిమిది మంది స్నానం చేసేవాళ్ళు, అంటే ఆ పీట మీద రోజూ కాగులకి కాగులు నీళ్ళు పారేవి. ఆఖరివాళ్ళు స్నానం చేసి వచ్చాక "పీట నిలబెట్టావా?" అని అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసేది. మర్చిపోతే తడి బట్టలతో వెనక్కి పంపేది. దాన్ని గోడకి ఏటవాలుగా ఆనించి నిలబెడితే పదకొండు గంటలకల్లా ఎండ తగిలి ఆరిపోయేది.

అంటే స్నానాల గదిలో చెక్క మనకి కొత్తేం కాదు. మన చెక్క నేల మీద ఉండేది, చేత్తో ఎత్తగలిగేది, దాన్ని ఆరబెట్టే బాధ్యత ఒక మనిషికి ఉండేది. గోడకి కొట్టేసిన చెక్కని ఎవరూ ఎత్తి ఎండలో పెట్టలేరు. అది ఉన్నచోటే ఆరే ఏర్పాటు ఉండాలి. నా రెండో ప్రయత్నమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

అమ్మమ్మ ఇల్లు 2019లో విప్పించారు. కిటికీ రెక్కలు, రెండు చిన్న దూలాలు నా వాటాకి అడిగి తెచ్చుకున్నాను. గోదావరి టేకు. అప్పట్లో దాన్ని ఎవరూ టేకని గొప్పగా చెప్పుకోలేదు, తలుపులకి అదే వేసేవారు. మా వీధి చివర ఉండే పెద్ద వడ్రంగి మేస్త్రి గారు దాన్ని గోటితో గీకి, వాసన చూసి, "చేవ ఉంది తల్లీ" అన్నారు. ఆ మాట మనం మనుషులకి వాడుతుంటాం గానీ అసలు పుట్టింది కలప దగ్గరే. మాను మధ్యలో ఉండే ముదురు రంగు భాగం చేవ. టేకుని చెదలు, పుచ్చు తొందరగా పట్టకుండా కాపాడే నూనెలూ రసాయనాలూ ఉండేది ఆ చేవలోనే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకి ఆ బలం ఉండదు. అది టేకైనా చెద తినేస్తుంది. ఈ రోజుల్లో టేకు పేరుతో అమ్మే లేత మానుల్లో సగం తెల్లదే. అందుకే బజార్లో కొత్త టేకు కొనే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పేరు చూసి డబ్బివ్వకండి, పలక రెండు పక్కలా తిప్పి రంగు చూడండి.

కోత మిల్లు వాళ్ళు ముందు ఒప్పుకోలేదు. పాత కలపలో మేకులుంటాయి, బ్లేడు పోతుందన్నారు. మేస్త్రి గారు రెండు రోజులు కూర్చుని అయస్కాంతం ముక్కతో వెతికి పదిహేడు మేకులు పీకారు. కొన్ని చేతితో కొట్టిన నాలుగు పలకల మేకులు, వాటిని సీసాలో పోసి దాచుకున్నాను. తర్వాత మూడున్నర అంగుళాల వెడల్పు, అరంగుళం మందం పలకలు కోయించాం. చిత్రిక పడుతుంటే వచ్చిన వాసన, యాభై ఏళ్ళు దాటిన చెక్కలోంచి తోలూ నెయ్యీ కలిసినట్టు... సరే, అది వేరే సంగతి.

ముందు బాత్రూంని రెండు ముక్కలు చేశాం. మాది 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు. కిటికీ వైపు నాలుగడుగులు తడి భాగం, అడ్డంగా గాజు పలక, నేలలో అరంగుళం పల్లం. అక్కడ గోడలన్నీ పైదాకా టైలే, ఒక్క చెక్క ముక్క కూడా లేదు. మిగతా అయిదడుగుల్లో వాష్‌బేసిన్, కమోడ్. చెక్క ఈ పొడి భాగంలో, అదీ ఒక్క గోడకే. మూసేసిన వెంటిలేటర్ తెరిపించి, 8 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, పావురాలకి బయట జాలీ కొట్టించాం. ఫ్యాన్ లాగాలంటే లోపలికి గాలి వచ్చే దారి కూడా ఉండాలి కదా, తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదిలాం. ఈ పనులన్నీ అయ్యాకే చెక్క ఊసెత్తాం. నిజం చెప్పాలంటే ఈ పనులు మాత్రమే చేసి ఆపేసినా ఆ బాత్రూం ముందుకన్నా వంద రెట్లు బాగుండేది.

గోడకి చెక్కని అతికించలేదు. ముందు గోడకి నిలువుగా రీపర్లు, అంటే సన్నటి చెక్క బద్దలు, వాటి మీద అడ్డంగా ఇంకో వరస, వాటికి పలకలు నిలువుగా. గోడకీ పలకకీ మధ్య దాదాపు ముప్పావు అంగుళం ఖాళీ. అడుగున తెరిచి ఉంటుంది, పైన బీడింగ్ వెనక కూడా సన్నటి సందు ఉంటుంది. కింద నుంచి గాలి దూరి పైకి పోతుంది. ఇటుక గోడ చెమ్మ విడిచినా అది పలక వీపున చేరి కూర్చోదు. పలకల అడుగు నేలని తాకదు, ఆరంగుళాల పైనుంచి మొదలవుతుంది. ఆ ఆరంగుళాలూ టైలే. నేల కడిగినప్పుడు చింది తగిలేది దానికే.

పలక నిలువుగా ఎందుకంటే, మీద పడ్డ నీటి చుక్క ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. అడ్డంగా వేస్తే ప్రతి అతుకూ ఒక చిన్న అరుగు. ఇంకో సంగతి, చెక్క పొడవులో పెద్దగా పెరగదు, తరగదు. వెడల్పులో మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, చలికాలం కుంచించుకుపోతుంది. అందుకని ఒక పలక అంచున గాడి, పక్క పలక అంచున నాలుక తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో కాగితం మందం సందు వదిలారు మేస్త్రి గారు. "బిగించి కొడితే ఆగస్టులో గోడ కడుపుతో ఉన్నట్టుంటుందమ్మా" అన్నారు. కోసిన కొసల దగ్గర చెక్క నీటిని స్ట్రాతో తాగినట్టు తాగుతుంది, కాబట్టి కొసలకి మూడుసార్లు నూనె పట్టించాం. వీపుకి కూడా పట్టించాం. కనిపించే వైపు మాత్రమే పూస్తే ఒక వైపు తేమ ఎక్కువ పీల్చి పలక దోనెలా వంగుతుంది. మొదటిసారి అబ్బాయి వీపు సంగతి అసలు పట్టించుకోలేదు.

పీయూ పాలిష్ కొట్టించలేదు. అది చెక్క మీద ప్లాస్టిక్ పొరలాంటిది, బాగున్నంతకాలం చాలా బాగుంటుంది, ఎక్కడో ఒక గీత పడ్డాక నీళ్ళు లోపలికి దిగి, పైకి రాలేక, ఆ పొర కిందే నల్లగా మచ్చ కడతాయి. దాన్ని బాగు చెయ్యాలంటే మొత్తం గీకాల్సిందే. నూనె అయితే ఏడాదికోసారి ఒక ఆదివారం పొద్దున్న గుడ్డతో నేనే పట్టించుకుంటాను. ఉడికించిన అవిసె నూనె వాడుతున్నాను. పూసిన గుడ్డల్ని ఉండ చుట్టి పడెయ్యకండి, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తాను అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి అప్పుడు పారెయ్యాలి. మా మేస్త్రి గారైతే జీడి తొక్కల నూనె పూద్దామన్నారు, పలాస వైపు నుంచి తెప్పిస్తానన్నారు. పడవలకి అది పూస్తారు, మాట నిజమే. కానీ పచ్చిది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. బేసిన్ దగ్గర పడవ అవసరం లేదని నచ్చజెప్పాను.

స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి, తలలు కనిపించేలా. సముద్రపు ఊళ్ళో మామూలు ఇనుప స్క్రూ ఏడాదికే తుప్పు కారుతుంది, చెక్క మీద నల్లటి కన్నీటి చారలు పెడుతుంది. తలలు కనిపించడం వికారం కాదా అని మావారు అడిగారు. బేసిన్ వెనక పైపు లీకైన రోజున ఆరు స్క్రూలు విప్పితే రెండు పలకలు చేతికొస్తాయి. మొదటిసారి జిగురు పెట్టిన గోడని పగలగొట్టి చూడాల్సొచ్చింది, వెనక బొద్దింకల కాపురం, పచ్చటి బూజు. మొత్తానికి 36,500 అయింది, చెక్క సొంతం కాబట్టి. కొనుక్కుంటే ఇంకా బాగా అవుతుంది, ఆ లెక్క మీ ఊరి కలప అడితిలో వేసుకోండి.

ఇంత తతంగం ఎందుకు, చెక్కలా కనిపించే టైల్స్ వేస్తే పోయేది కదా అంటారు మా తోడికోడలు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తున్నాయి, నాలుగడుగుల పొడవు పలకలు, ఈనెలు గీతలు అన్నీ అచ్చు గుద్దినట్టే. విట్రిఫైడ్ టైలు అరశాతం కూడా నీరు పీల్చదు, యాసిడ్ పోసినా ఏం కాదు. ఆవిడ చెప్పేది సబబే. తడి భాగంలో నేను కూడా టైలే వేశాను, వంద మందిలో తొంభై మందికి నేనిచ్చే సలహా అదే. నాకు చెక్క డిజైను టైలు నచ్చకపోవడానికి కారణం వేరే. చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది. కన్ను చెక్క అంటుంది, చెయ్యి రాయి అంటుంది. పైగా ఏడెనిమిది పలకలు దాటాక అదే ముడి, అదే గీత మళ్ళీ కనిపిస్తుంది. ఒకసారి గమనించాక ఇక దాన్నే చూస్తూ కూర్చుంటాం. ఇది నా చాదస్తం, ఒప్పుకుంటాను. టైలుని టైలులాగే ఉండనిస్తే ఎంత అందంగా ఉంటుంది!

ఇంకా పట్టుగా వ్యతిరేకించేది ఇప్పుడు వీధివీధినా అమ్ముతున్న పీవీసీ గాడుల ప్యానెల్స్‌ని. ఒక్క పూటలో అతికించేస్తారు, నీళ్ళకి పాడవ్వవు, చవక. ప్యానెల్ పాడవ్వదు సరే, దాని వెనక గోడ సంగతి? గాలి ఆడని ఆ సందులో చెమ్మ చేరితే బయటికి కనిపించదు, వాసన వచ్చేదాకా తెలియదు. గీజర్ వైరింగు పక్కన అంత ప్లాస్టిక్ ఉండటం కూడా నాకు నచ్చదు, పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. అద్దె ఇంట్లో పాడైన గోడని రెండేళ్ళు కప్పెట్టుకోవడానికైతే వేసుకోండి, కాదనను.

ప్లైవుడ్ మీద వెనీర్, అంటే పలచటి చెక్క పొర, అతికిద్దామనుకునే వాళ్ళకి ఒక ముక్క. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తు ఉన్న మెరైన్ ప్లై అడగండి, దాని జిగురుని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. ఆ పరీక్ష పొరలని అతికించిన జిగురుకి, మీద మీరు అతికించే వెనీర్‌కి కాదు. దాన్ని షాపువాడు చెప్పడు.

ఇంతకీ మన వాతావరణానికి చెక్క గోడ అవసరమా అని ఎవరన్నా నిలదీస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు. వాళ్ళకి చెక్క ఇచ్చేది వెచ్చదనం. జనవరిలో టైలు తగిలితే జివ్వుమంటుంది కాబట్టి వాళ్ళు చెక్క తొడుక్కున్నారు. మనకి మే నెలలో చల్లటి గచ్చు మీద చెంపానించి పడుకోవాలనిపిస్తుంది. లంబసింగిలో గెస్ట్‌హౌస్ కడుతున్న వాళ్ళకైతే తప్పకుండా వేయించమంటాను. ఎమ్వీపీ కాలనీలో ఫ్లాటుకి అవసరమని అనలేను. నాకు ఇష్టమైంది, అమ్మమ్మ కిటికీలు ఉన్నాయి, ఉంచుకోవడానికి వేరే చోటు లేదు. ఇష్టాన్ని అవసరం అని పేరు మార్చుకున్నప్పుడే ఎమ్‌డీఎఫ్ లాంటి తప్పులు చేస్తాం అని నా అనుమానం.

నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న అపార్ట్‌మెంటు బాత్రూంలో, ఇంటిల్లిపాదీ స్నానం చేసే ఒక్క గదిలో, దయచేసి వద్దు. అక్కడ పొడి భాగం అనేది ఉండదు. బయట బేసిన్ ఉన్న గోడకి వేసుకోండి, ముచ్చటా తీరుతుంది, చెక్కా బతుకుతుంది.

అత్తయ్యగారి సంగతి చెప్పలేదు కదూ. గాజు పలక పెట్టినప్పుడు ఆవిడకి కోపం వచ్చింది, "అమ్మాయ్, చేపని తొట్లో పెట్టినట్టు నన్ను అందులో పెడతావా" అన్నారు. తడి భాగాన్ని నాలుగడుగులు ఉంచింది ఆవిడ కోసమే, పీట వేసుకుని మగ్గు చాచి నీళ్ళు పోసుకోవడానికి మూడడుగులు చాలవు. ఇప్పుడు నాలుగు మగ్గుల నీళ్ళూ ఆ టైల్ గోడలకే కొడతారు. గాజు మీద కూడా ఒక మగ్గు, అది నా మీద.

మొన్నటి ఆగస్టులో వారం రోజులు వాన ఆగకుండా పడింది. బేసిన్ పక్క మూడో పలక కాస్త ఉబ్బి, నాలుక గాడిలో బిగిసి, పైకి తేలింది. వేలితో తడిమితే తెలుస్తోంది. నాకు మళ్ళీ రస్కు గుర్తొచ్చింది. మేస్త్రి గారికి ఫోన్ చేశాను. వెనక సందులో చెయ్యి పెట్టి చూడమన్నారు, తడి ఉందా అని. లేదు. వాసన? లేదు. "అయితే దాని జోలికెళ్ళకమ్మా. స్క్రూ బిగించొద్దు, చిత్రిక పట్టొద్దు. కార్తీకం వెళ్ళనీ" అన్నారు.

డిసెంబరు మొదటి వారంలో పళ్ళు తోముకుంటూ ఆ పలక మీద చెయ్యి వేశాను. ఏ పలకో పోల్చుకోవడానికి రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది.